లాగి చూశాకే గీత

జనవరి 9

మావయ్యా,

ముందుగా ఒక మాట. ఈ కవరు నీ చేతికి వచ్చేసరికి ఒక అంచు చింపి మళ్ళీ అంటించి ఉంటుంది. కంగారుపడి పోస్టుమాన్ మీదికి వెళ్ళకు. ఇక్కడి నుంచి బయటికి పోయే ప్రతి ఉత్తరాన్నీ, లోపలికి వచ్చే ప్రతి ఉత్తరాన్నీ గేటు దగ్గర ఒక ఆఫీసరు చదువుతాడు. మా పనికి సంబంధించిన తేదీలు, కొలతలు కనిపిస్తే నల్ల సిరా పూస్తాడు. మా ఫోన్లు గేటులోనే తీసి దాచేశారు. క్వార్టర్సు మొత్తానికి ఒకే ఒక్క ఫోను ఉంది, దాని ముందు ఎప్పుడు చూసినా పదిమంది వరస. అయినా నీకు ఫోనంటే పడదు కదా. "ఫోన్లో మనిషి సగమే వస్తాడు" అంటావు. అందుకని మొత్తం మనిషినీ కాగితం మీద పెట్టి పంపుతున్నాను.

నేను పని చేసేదాన్ని ఇక్కడ అందరూ "పొట్టిది" అంటారు. అసలు రాకెట్టు తయారయ్యేలోపు పరీక్షల కోసం కట్టిన నమూనా. ■■■■ ఎత్తుకి వెళ్ళి, కాసేపు గాలిలో నిలబడి, మళ్ళీ తన నాలుగు కాళ్ళ మీద తనే దిగాలి. దిగాక దాన్ని తుడిచి, చూసుకుని మళ్ళీ ఎగరేయాలి. ఇన్నాళ్ళూ రాకెట్టంటే ఒక్కసారి వాడి సముద్రంలో పారేసేదే. నువ్వైతే "ఒక్క చొక్కా కుట్టి మిషను పారేసేవాణ్ణి ఎక్కడైనా చూశామా" అనేవాడివి. ఇక్కడివాళ్ళకీ ఇప్పుడు అదే బుద్ధి పుట్టింది.

నాకు అప్పజెప్పింది కాళ్ళు. ఒక్కో కాలి మోకీలు దగ్గర పన్నెండు బోల్టులు. బండాయన బిగిస్తాడు. ఆ పేరు నేను పెట్టింది కాదు, మనిషి నిజంగానే బండరాయిలా ఉంటాడు, రోజుకి నాలుగు మాటలు మాట్లాడతాడు. ఆయన బిగించాక నేను నా రెంచితో లాగి చూసి, బోల్టు తల మీది నుంచి పక్కనున్న లోహం మీదికి పసుపు రంగు గీత పెడతాను. తర్వాత బోల్టు వెంట్రుకవాసి కదిలినా గీత విరిగి కనిపిస్తుంది. ఈ పని ఎవరు నేర్పారని అడిగారు. కుట్టుమిషన్లు బాగుచేసే మా మావయ్య అన్నాను. నవ్వారు. నవ్వితే నవ్వనీ. ఎనిమిదేళ్ళప్పుడు అమ్మ పోయి నీ దుకాణం మీది గదికి వచ్చిన పిల్లకి, అమ్మ వదిలిపోయిన ఎర్ర గోళ్ళరంగు సీసా చేతికిచ్చి "నేను బిగిస్తా, నువ్వు గీత పెట్టు" అన్నది నువ్వే కదా.

గదిలో రెండు మంచాలు. రెండోదాని పిల్ల వేరే విభాగానికి మారిపోయింది. పరుపు చుట్టి గోడకి ఆనించి వెళ్ళింది. సాయంత్రం తలుపు తీయగానే ఎవరో కూర్చున్నారనుకుంటాను. రోజూ అనుకుంటాను, అయినా అలవాటు కాలేదు.

అమ్మ కాలిమిషను బాగుచేసి నాకిస్తానన్నావు. ఎంతవరకు వచ్చింది?

నీ
పిడుగు

*

జనవరి 21

పిడుగూ,

ముందు మధ్యలో చదివే ఆఫీసరు గారికి నమస్కారం. అయ్యా, మీరు పూసిన సిరా వెనక వైపుకి ఊరింది. కాస్త పలచగా పూయండి.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. చుట్టిపెట్టిన పరుపు గురించి రాసినచోట ఆగిపోయాను. దాన్ని విప్పి మంచం మీద పరిచెయ్యి. ఎవరూ పడుకోకపోయినా పరుపు పరుపులా ఉంటుంది.

ఇక్కడ విశేషాలేమున్నాయి! ఇప్పుడు గుడ్డ కొని కుట్టించుకునేవాళ్ళు తగ్గారు, కుట్టేవాళ్ళు తగ్గారు, కాబట్టి పాడయ్యే మిషన్లూ తగ్గాయి. వచ్చేవాళ్ళలోనూ సగం మంది సూది తిరగేసి పెట్టినవాళ్ళే. మొన్న ఒకావిడ మిషను నెత్తిన పెట్టుకున్నంత హడావిడిగా వచ్చి, దారం తెగిపోతోంది, ఇక ఇది చచ్చిందన్నది. సూది తీసి ఇటు తిప్పి పెట్టాను. ఆవిడ నా ముఖం, సూది ముఖం మార్చి మార్చి చూసింది.

అమ్మ మిషను విప్పాను. బల్ల మీద పాత చీర పరిచి వరసగా పెట్టాను. లోపల ఇంకా నీలం దారం ముక్క ఒకటి చిక్కుకుని ఉంది. నీ బడి గౌనుదని నా అనుమానం. విప్పడం ఎంతసేపు! బిగించడమే మెల్లిగా చెయ్యాలి. తొందరపెట్టకు.

అక్షరాలు వంకరగా ఉన్నాయని వెక్కిరించకు. పెన్ను కొత్తది, ఇంకా చేతికి లొంగలేదు.

ఒక సందేహం. మీ పొట్టిది దిగేటప్పుడు కింద పట్టుకోవడానికి ఎవరైనా ఉంటారా?

ఆశీస్సులతో
మావయ్య

*

ఫిబ్రవరి 2

మావయ్యా,

పట్టుకోవడానికి ఎవరూ ఉండరు. అది దిగేచోటికి చుట్టూ ■■■■ దాకా మనిషన్నవాడు ఉండకూడదు. చదును చేసిన కాంక్రీటు, దాని మధ్యలో తెల్ల వలయం, అంతే. దానంతట అది దిగాల్సిందే.

పోయిన వారం దాన్ని నేలకి కట్టేసి ఇంజను మండించారు. కదలకుండా పట్టి ఉంచి ఎంత బలంగా నెడుతుందో చూసే పరీక్ష. మేమంతా దూరంగా షెడ్డులో ఉన్నాం, అయినా బల్ల మీద టీ గ్లాసులు వాటంతటవి అంచు దాకా నడుచుకుంటూ వచ్చేశాయి. తర్వాత వెళ్ళి నలభై ఎనిమిది గీతలూ చూశాను. ఒక్కటీ చెదరలేదు. ఆ రోజు గర్వంగా ఉంది, ఎవరికైనా చెప్పుకోవాలనిపించింది. చెప్పుకోవడానికి మంచం మీద పరిచిన పరుపు ఉంది. అవును, నీ మాట విని పరిచాను.

ఇంకో సంగతి. కొత్తగా చేరినవాళ్ళకి పాఠం చెప్పమని చీఫ్ గారు నన్ను నిలబెట్టారు. నీ సూత్రమే చెప్పాను: "బిగించినవాళ్ళు గీత పెట్టకూడదు. గీత పెట్టేవాళ్ళు ముందు తమ చేత్తో లాగి చూడాలి. ఎవరు బిగించినా సరే, లాగి చూశాకే గీత." చిన్నప్పటి నుంచి మావయ్య పక్కన కూర్చుని వేల గీతలు పెట్టాను, ఒక్కటీ తప్పలేదు అని కూడా చెప్పాను. ఒకమ్మాయి చెయ్యెత్తి, "మీ మావయ్యగారు బిగించింది కూడా లాగి చూసేవారా?" అంది. "చూసేదాన్ని" అన్నాను. నిజం చెప్పాలంటే చూసేదాన్ని కాదనుకో. నువ్వు బిగిస్తే ఇక చూసేదేముంది! ఆ మాట వాళ్ళకి చెప్పలేను కదా.

నీ ఉత్తరం బస్సులో కూర్చుని రాశావా? పెన్ను మీద నింద వెయ్యకు. ఎక్కడికి తిరుగుతున్నావు ఈ వయసులో?

ఎగిరే రోజు ■■■■■■■. అది అయిపోగానే సెలవు పెట్టి వస్తాను. మిషను సిద్ధంగా ఉంచు.

నీ
పిడుగు

*

ఫిబ్రవరి 12

పిడుగూ,

ఉత్తరం అందింది. సెలవు పెట్టి రావద్దు. దారి ఖర్చు, శ్రమ తప్ప ఇక్కడ చూడ్డానికి ఏముంది? పని మీద మనసు పెట్టు.

మిషను అవుతుంది.

మావయ్య

*

ఫిబ్రవరి 20

మావయ్యా,

రావద్దా? ఆశీస్సులు కూడా రాయకుండా నాలుగు లైన్లలో రావద్దన్నావు. అక్షరాలు పురుగులు పాకినట్టున్నాయి. ఏ పని మీద పోతూ పోతూ గీకి పడేశావో తెలియదు. నేను వస్తే అడ్డమయ్యేంత పని నీకేం వచ్చింది? దుకాణం ఎవరికైనా ఇచ్చేశావా? నా గదిలోకి ఎవరినైనా అద్దెకి దింపావా? దింపితే దింపావు, చెప్పొచ్చు కదా.

అసలు రాయాలనుకున్నది ఇది కాదు.

నిన్న మూడో కాలికి మూత వేశారు. మోకీలుకి వేడి తగలకుండా వెండిరంగు గుడ్డ చుట్టి, మూత బిగించి, అంచులకి జిగురు పూశారు. ఇంజను పరీక్ష తర్వాత బోల్టులన్నీ మార్చి కొత్తగా బిగించారు కాబట్టి, మూతకి ముందు నా పని మళ్ళీ మొదటి నుంచి చేశాను. ఆరో బోల్టు లాగాను, గీత పెట్టాను. అప్పుడే ఎవరో "తపాలా సంచి వచ్చింది" అని కేకేశారు. నీ ఉత్తరం ఉందేమోనని తల తిప్పాను. తర్వాత మళ్ళీ కుంచె పట్టుకున్నాను. ఇవాళ క్యాంటీనులో కూర్చున్నప్పుడు తట్టింది. ఏడో బోల్టు లాగినట్టు గుర్తు లేదు. గీత ఉంది, అది నా చేతిదే, మూత వేసేముందు తీసిన ఫొటోలో కూడా చక్కగా కనిపిస్తోంది. లాగానో లేదో మాత్రం తెలియదు.

బండాయన బిగించే ఉంటాడు. ఆయన వదిలేసే రకం కాదు. కానీ నాకు జీతమిచ్చేది ఆయన్ని నమ్మినందుకు కాదు కదా. ఆ బోల్టు వదులుగా ఉంటే దిగేటప్పుడు బరువంతా పడేసరికి కాలు మడత పడుతుంది. కాలు మడత పడితే పొట్టిది పక్కకి ఒరుగుతుంది. లోపల మిగిలిన ఇంధనంతో సహా ఒరుగుతుంది. రెండేళ్ళు మూడు వందల మంది చేసిన పని.

మూత తెరిస్తే మళ్ళీ జిగురు ఆరడానికే రెండు రోజులు. గాలి అనుకూలంగా ఉండే రోజులు మాకు నాలుగే ఉన్నాయి. అవి దాటితే మూడు వారాలు ఆగాలి. అందరూ ఇళ్ళకి వెళ్ళి ఎన్ని నెలలైందో! ఇప్పుడు నేను లేచి "గుర్తు లేదు" అంటే ఏమవుతుందో ఆలోచించు. మింగలేను, కక్కలేను. నువ్వైతే ఏం చేస్తావు మావయ్యా? నీ జవాబు వచ్చేసరికి ఇరవై రోజులు పడుతుందని తెలుసు. అయినా అడగడానికి నాకెవరున్నారు?

తర్వాత రాస్తున్నాను. కవరు అంటించి పెట్టె దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. ఇది పెట్టెలో వేస్తే ఆఫీసరు చదువుతాడు. ఆయన చదివితే తెలిసిపోతుంది. గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకుంటూ ఆ పెట్టె ముందు పావుగంట నిలబడ్డాను. ముఖం కూడా తెలియని మనిషి చదువుతాడని ఇంత సిగ్గుపడుతున్నానంటే, ఏం చెయ్యాలో నాకు తెలిసినట్టే. ఆయనకి తెలిసేలోపు నేనే చెప్పాలి. ముందు చీఫ్ గారి గదికి వెళ్తున్నాను. ఆ తర్వాతే ఇది పెట్టెలో వేస్తాను.

నీ
పిడుగు

*

ఫిబ్రవరి 24

పిడుగూ,

ఈ ఉత్తరం మొదలుపెట్టి ఇది నాలుగో రోజు. పొద్దున కొంచెం, సాయంత్రం కొంచెం రాస్తున్నాను. నువ్వు కొత్తవాళ్ళకి పాఠం చెప్పానని రాసినప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు. అందుకే పోయినసారి నాలుగు ముక్కలు రాసి ఊరుకున్నాను. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేను.

వేల గీతలు పెట్టాను, ఒక్కటీ తప్పలేదన్నావు. తప్పాయి.

నీకు గోళ్ళరంగు సీసా ఇచ్చిన కొత్తలో, లాగి చూడమని చెప్పాను కదా, చూస్తున్నావో లేదో తెలుసుకుందామని ప్రతి శనివారం ఒక నట్టు కావాలనే వదులుగా ఉంచేవాణ్ణి. నువ్వు నాలుక కాస్త బయటపెట్టి, ఊపిరి బిగబట్టి, ఆ వదులు నట్టు మీద కూడా ముచ్చటగా గీత పెట్టేసేదానివి. సోమవారం నువ్వు బడికి వెళ్ళాక నేను దాన్ని బిగించి, గీత తుడిచి, మళ్ళీ నేనే గీసేవాణ్ణి. ఒక వారం కాదు, రెండు వారాలు కాదు. నాలుగేళ్ళు. నువ్వు ఒక్కటీ పట్టుకోలేదు.

మొదటి శనివారమే చెప్పాల్సింది. అప్పటికి మా చెల్లెలు పోయి నాలుగు నెలలు. పిల్లవి, నమ్మడానికి లోకంలో నేనొక్కణ్ణే మిగిలాను నీకు. అలాంటిదానితో "మావయ్య బిగించింది కూడా నమ్మకు" అని ఏ నోటితో చెప్పను? వచ్చే వారం చెబుదాం, వచ్చే వారం చెబుదాం అనుకున్నాను. ఆ తర్వాత అసలు సంగతి ఇంకొకటైంది. నువ్వు అలా నమ్మడం నాకు బాగుండేది. ఈ లోకంలో ఒక్క మనిషి, నేను చేసింది తిరిగి చూసుకోనక్కర్లేదనుకుంటోంది. ఆ సుఖానికి అలవాటుపడి నీకు నేర్పాల్సింది నేర్పలేదు.

ఇప్పుడు నువ్వు గీతలు పెడుతున్నది కుట్టుమిషను మీద కాదు. ఎవరు బిగించినా లాగి చూడు. నేను బిగించినా సరే.

మావయ్య

*

మార్చి 5

మావయ్యా,

చెప్పాను. మూత తెరిచారు. ఏడో బోల్టు బిగువుగానే ఉంది.

చీఫ్ గారు అరవలేదు, అరిచినా బాగుండేది. "సరే, తెరవండి" అని కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆ కాలు చుట్టూ ఇరవై మంది నిలబడి చూస్తుండగా రెంచి పెట్టి లాగాను. రెంచి టక్‌మంది. బోల్టు కదల్లేదు. అందరూ ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. ఆ నాలుగు రోజులూ దాటిపోయాయి. ఇళ్ళకి ఉత్తరాలు రాసుకున్నవాళ్ళు మళ్ళీ ఉత్తరాలు రాసుకున్నారు. క్యాంటీనులో నేను కూర్చున్న బల్లకి ఎవరూ రావడం లేదు. తిడితే జవాబు చెప్పొచ్చు, పళ్ళెం పట్టుకుని ఇంకో బల్లకి వెళ్ళిపోతే ఏం చెబుతాం? బండాయన ఆ రోజు ఒక్క మాటన్నాడు, "నన్ను నమ్మలేదు కదమ్మా" అని. తర్వాత అదీ లేదు. పక్కపక్కనే పని చేస్తాం, ఆయన బిగించి జరుగుతాడు, నేను లాగి గీత పెడతాను.

ఇది చాలదన్నట్టు నీ ఉత్తరం వచ్చింది.

నాలుగేళ్ళు! నేను కొత్తవాళ్ళందరి ముందు నిలబడి మా మావయ్య, మా మావయ్య అని చెప్పుకున్నది ఈ మనిషి గురించా? ఒక్క శనివారం చెవి మెలేసి "ఇదిగో, ఇది వదులుగా ఉంది" అని ఉంటే, ఏడ్చేదాన్నేమో, ఆ తర్వాత జన్మలో మరిచిపోయేదాన్ని కాదు. ఏడో బోల్టు దగ్గర నా చెయ్యి దానంతటదే లాగి ఉండేది. నేను నమ్ముతున్నానన్న నీ సుఖం కోసం నాకు తప్పు నేర్పావు. ఇప్పుడు ఇంత దూరంలో ఒక్కదాన్నే కూర్చుని ఆ మాట చదువుకుంటున్నాను, అదీ నాకంటే ముందు గేటులో ఒక పరాయివాడు చదివాక.

రావద్దన్నావు, రాను. కొన్నాళ్ళు నాకు రాయకు.

నీ మేనకోడలు

*

మార్చి 29

మావయ్యా,

ఎగిరింది. దిగింది. నిలబడింది.

మేము షెడ్డు పైకెక్కి చూశాం. ముందు కింద నుంచి తెల్లటి పొగ, శబ్దం తర్వాత వచ్చింది. మెల్లగా లేచింది, అంత మెల్లగా లేస్తుందని నేననుకోలేదు, బరువున్న మనిషి కుర్చీలోంచి లేచినట్టు. పైకి వెళ్ళి ఆగిపోయింది. ఆకాశంలో ఏ ఆధారమూ లేకుండా అలా నిలబడి ఉంటే, కింద పట్టుకోవడానికి ఎవరైనా ఉంటారా అని నువ్వడిగింది గుర్తొచ్చింది. అప్పుడు ఏడుపొచ్చింది. అది ఇంకా దిగకముందే ఏడ్చాను. పక్కవాళ్ళు సంతోషం అనుకుని ఉంటారు. తర్వాత నాలుగు కాళ్ళూ చాపుకుని కిందికి వచ్చింది. దుమ్ము లేచి ఏమీ కనపడలేదు. దుమ్ము తగ్గాక చూస్తే వలయం మధ్యలో కాకపోయినా వలయంలోనే, నిలబడి ఉంది.

చల్లారాక మూతలు విప్పి గీతలు చూశాం. మూడో కాలు చెక్కుచెదరలేదు. రెండో కాలిలో నాలుగో బోల్టు గీత మాత్రం విరిగింది. గోరు అంచంత. నాకు ఏ అనుమానమూ లేని బోల్టు అది. బండాయన నన్ను పిలిచి చూపించాడు.

"ఇది నువ్వు లాగిందే కదమ్మా?"

"లాగాను. బాగా గుర్తుంది."

"నేను బిగించిందే. నాకూ గుర్తుంది." గీత విరిగిన చోట వేలు పెట్టాడు. "అయినా కదిలింది చూడు. దాని మీద పడ్డ బరువు అలాంటిది. గీత ఉంది కాబట్టి తెలిసింది."

తర్వాత రెండు గ్లాసుల టీ తెచ్చి, ఒకటి నా ముందు పెట్టి, నా బల్ల దగ్గరే కూర్చున్నాడు. అప్పటికే ఆయన నాలుగు మాటలూ అయిపోయాయి.

నీ మీద కోపం పూర్తిగా పోయిందని చెప్పను. అబద్ధమవుతుంది. కానీ ఇరవై నాలుగు రోజులైంది. రాయకు అంటే నిజంగానే రాయకుండా ఉండేంత బుద్ధిమంతుడివి ఎప్పుడయ్యావు? రోజూ తపాలా సంచి దగ్గరికి వెళ్తున్నాను. నిన్న ఇక ఆగలేక గేటుకి వెళ్ళి ఆ ఆఫీసరు కిటికీ కొట్టాను. నల్ల సిరా పూసేవాడంటే ఎలాగో ఉంటాడనుకున్నాను. సన్నగా, మెడకి మఫ్లరు చుట్టుకుని, జలుబుతో ముక్కు తుడుచుకుంటున్నాడు. నేను పేరు కూడా చెప్పలేదు. "పెద్దాయన దగ్గర్నుంచి ఏమీ రాలేదమ్మా, నేనూ చూస్తున్నాను" అన్నాడు.

ఒక్క ముక్క రాయి. వంకర అక్షరాలైనా సరే, బస్సులో రాసినా సరే.

నీ
పిడుగు

*

ఏప్రిల్ 8

పిడుగూ,

నిలబడిందన్న మాట చదివి దుకాణం ముందుకి వచ్చి కాసేపు నిలబడ్డాను. దారిన పోయేవాళ్ళకి చెబుదామంటే ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో తెలియక లోపలికి వచ్చేశాను.

నేను ఏ బస్సూ ఎక్కలేదు. నీ గదిలో ఎవరూ లేరు. పెన్ను పాతదే. నా చేతులు వణుకుతున్నాయమ్మా. ఏడాదిగా ఉంది. మొదట్లో కుడిచేతి బొటనవేలొకటే ఆడేది, ఇప్పుడు రెండు చేతులూ. డాక్టరు మాత్రలిచ్చాడు. తగ్గదు, ఇంతకంటే తొందరగా పెరగకుండా చూద్దాం అన్నాడు. టీ గ్లాసు సగమే పోయించుకుంటున్నాను. సూదిలో దారం ఎక్కించడం మానేసి చాలాకాలమైంది, వచ్చినవాళ్ళనే ఎక్కించమని, "మీకు కూడా రావాలి కదమ్మా" అని పెద్దరికం ఒలకబోస్తున్నాను.

ఇందుకే రావద్దన్నాను. నేను బిగిస్తే ఇక చూసేదేముంది అని రాశావు చూడు, ఆ ఉత్తరం బల్ల మీదుంది, పక్కనే స్క్రూడ్రైవరు గాడిలో నిలవక జారిపోతోంది. నువ్వు వచ్చి చూస్తావన్న భయంతో రావద్దని రాశాను. తర్వాత నాలుగు రోజులు ఏడ్చాను. నువ్వు రాయకు అన్నప్పుడు, నిజం చెబుతున్నాను, ముందు ఊపిరి పీల్చుకున్నాను. ఒక్కో పేజీకి రెండేసి రోజులు పడుతోంది. మూడో రోజు నుంచి ఆ పీల్చుకున్న ఊపిరే బరువైంది. ఎవరికీ రాయక్కర్లేని మనిషికి పొద్దు ఎంత పొడుగో నాకు తెలియదు అప్పటిదాకా. దుకాణం తెరుస్తాను, కూర్చుంటాను, మూస్తాను. పోస్టుమాన్ ఎదురింటి దాకా వచ్చి తిరిగి వెళ్ళిపోతాడు.

ఆ రోజుల్లోనే అమ్మ మిషను మొదలుపెట్టాను. ఇంకేం పనుంది కనక? ఒక చేతిని ఇంకో చేత్తో పట్టుకుని, మోచెయ్యి బల్లకి ఆనించి, రోజుకొక నట్టు. పడిపోతే వంగి వెతుక్కుని మళ్ళీ. మొత్తం పదకొండు. నిన్నటితో అయిపోయాయి. చక్రం తిప్పితే తిరుగుతోంది. నీలం దారం ముక్క తీయలేదు, అది అలాగే ఉండనిచ్చాను.

పదకొండూ బిగించాననే అనుకుంటున్నాను. ఏది ఎంత బిగిసిందో ఈ చేతులకి తెలియడం లేదు. ఇంతకుముందు కావాలని ఒకటి వదిలేవాణ్ణి. ఇప్పుడు కావాలని ఏదీ వదల్లేదు, అయినా ఎన్ని వదులుగా ఉన్నాయో చెప్పలేను. గోళ్ళరంగు సీసా ఎండిపోయింది, కొత్తది తెప్పించి పెట్టాను, ఎరుపే. ఒక్క గీత కూడా పెట్టలేదు. బిగించినవాడు పెట్టకూడదు కదా.

వచ్చి లాగి చూడు. అన్నీ చూడు. వదులుగా ఉన్నది దొరికితే ఈసారి నా ముఖం మీదే చెప్పు.

ఆశీస్సులతో
మావయ్య

ఆఫీసరు గారూ, మీ జలుబు తగ్గిందనుకుంటాను. ఈ ఉత్తరంలో కొలతలు లేవు, మీ రహస్యాలేవీ లేవు. రమ్మన్న మాట ఒక్కటే ఉంది. వంకరగా ఉందని అది సిరా మరక అనుకునేరు. దాన్ని కొట్టెయ్యకండి.